విల్లో అంటే ఏది? బ్యాటా, బెరడా, చిప్పా?

ఈ రోజు ఒకే ఒక్క పదం తీసుకుని మాట్లాడుకుందాం. ఆ పదం విల్లో. క్రికెట్ చూసేవాళ్లకి చెవికి అలవాటైన పదం. చూడనివాళ్లకి "అదేంటి, విల్లానా?" అనిపించే పదం.

దీన్నే ఎందుకు పట్టుకున్నానంటే, పోయిన వానాకాలంలో ఒకే వారంలో మా ఇంట్లో రెండు సంగతులు జరిగాయి. రెండింట్లోనూ ఈ పదమే ఉంది. మొదటిదాంట్లో 900 రూపాయలు పోయాయి. రెండోదాంట్లో డబ్బు కంటే పెద్దదే పోయేది, కొద్దిలో తప్పింది. అది మధ్యలో చెప్తాను. ముందు 900 కథ వినండి.

మా బాబాయి కొడుకు ఇంటర్ ఫస్టియర్. వాడికి క్రికెట్ పిచ్చి. ఒక రోజు సాయంత్రం బ్యాట్ భుజాన వేసుకుని వచ్చాడు. "అన్నా, విల్లో బ్యాట్! 900కే ఇచ్చాడు" అన్నాడు. చూస్తే స్టిక్కర్ మీద ఇంగ్లిష్ అక్షరాల్లో "పాపులర్ విల్లో" అని ఉంది. "పాపులర్ అంటే ఫేమస్ కదన్నా, అందరూ ఇదే కొంటున్నారంట" అని వాడి వివరణ. ఆదివారం లెదర్ బాల్ మ్యాచ్‌కి పట్టుకెళ్లాడు. మూడో ఓవర్లో యార్కర్ పడింది. బాల్ ఆగింది కానీ బ్యాట్ కింది భాగం చీలింది. మధ్యాహ్నానికల్లా బ్యాట్‌ని రెండు ముక్కలుగా ఇంటికి తెచ్చాడు.

అసలు సంగతి ఏంటంటే, అది పాపులర్ కాదు, పాప్లర్. పాప్లర్ అనేది ఒక చెట్టు పేరు. అగ్గిపుల్లలు, ప్లైవుడ్ చేసే మెత్తటి కలప అది. మన బ్యాట్ల మార్కెట్లో ఆ పాప్లర్ కాస్తా నోళ్లలో నలిగి పాపులర్ అయింది, పక్కన విల్లో అని తగిలించారు. అంటే స్టిక్కర్ మీద మావాడు చదివిన రెండు పదాల్లో మొదటిది వాడనుకున్నది కాదు, రెండోది అసలు ఆ బ్యాట్‌లో లేనే లేదు!

అక్కడి నుంచి నాకు ఈ పదం మీద కుతూహలం మొదలైంది. తవ్వుతూ పోతే, ఇది భలే పదం ఫ్రెండ్స్. చెట్టు, బ్యాట్, మందు, ప్లేట్ మీద బొమ్మ, టీవీ ఛానల్, సింగర్, సినిమా, గాజు, క్వాంటమ్ చిప్, నూనె బావుల ప్రాజెక్టు... అన్నిటికీ ఇదే పేరు. పైగా చాలాచోట్ల ఈ పేరు తగిలించుకున్నది అసలు విల్లో కాదు.

సరే, చెట్టు నుంచి మొదలుపెడదాం. విల్లో అంటే ఒక్క చెట్టు కాదు, ఒక జాతి. లాటిన్ పేరు సాలిక్స్. ఈ సాలిక్స్ అనే మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత మీ ఫేస్‌వాష్‌లో కనిపిస్తుంది. ఈ జాతిలో సుమారు 400 రకాలున్నాయి. కొన్ని 20, 30 మీటర్ల ఎత్తు పెరుగుతాయి. ధ్రువ ప్రాంతాల్లో పెరిగే కొన్ని రకాలైతే నేలకి అంటుకుని వేలెడంత ఎత్తు కూడా లేవవు. ఎక్కువ రకాలకి చల్లటి వాతావరణం, పక్కన నీళ్లు కావాలి. ఏరు, చెరువు, బురద నేల ఉంటే చాలు. పచ్చి కొమ్మ విరిచి తడి నేలలో గుచ్చితే చాలాసార్లు అదే వేళ్లు తొడుక్కుంటుంది.

ఇంగ్లిష్‌లో ఈ పదం చాలా పాతది. పాత ఇంగ్లిష్‌లో "వెలిగ్" అనేవాళ్లు. దాని మూలంలో "తిరగడం, మెలిపడడం" అనే అర్థం ఉందని భాషా శాస్త్రజ్ఞులు చెప్తారు. చెట్టుకి సరిపోయే పేరే. దాని సన్నటి కొమ్మలు వంచితే వంగుతాయి కానీ పుటుక్కున విరగవు. అందుకే యూరప్‌లో బుట్టలు, కుర్చీలు వాటితోనే అల్లేవాళ్లు. మన దగ్గర మేదరివాళ్లు వెదురుతో అల్లినట్టు అన్నమాట.

ఇక్కడ మనవాళ్లకి వచ్చే డౌట్ ఒకటుంది. వంగేది విల్లో, వంగేది విల్లు. రెండూ ఒకటేనా? కాదు. మన విల్లు ద్రావిడ పదం. తమిళంలో విల్, కన్నడలో బిల్లు. ఇంగ్లిష్ విల్లోకి దీనికి చుట్టరికం లేదు. శబ్దం కలిసింది, అంతే. ఆస్తి పంచుతూ తాతయ్య రాసే విల్లుకైతే ఈ రెండింటితోనూ సంబంధం లేదు, అది వేరే ఇంగ్లిష్ మాట. చెవికి ఒకేలా వినిపించినంత మాత్రాన చుట్టాలు అయిపోరు. పాపులర్, పాప్లర్ దగ్గర మావాడు నేర్చుకున్నదీ ఇదే.

మరి తెలుగులో విల్లోకి పేరే లేదా? ఉంది. ఇంట్లో తెలుగు బైబిల్ చదివేవాళ్లకి తెలిసే ఉంటుంది. నిరవంజి. బబులోను నదుల పక్కన యూదులు తమ వాయిద్యాలని చెట్లకి తగిలించి ఏడ్చిన సందర్భం 137వ కీర్తనలో ఉంది. ఇంగ్లిష్ బైబిల్లో ఆ చెట్లు విల్లోలు, మన బైబిల్లో నిరవంజి చెట్లు.

ఇంకో మంచి విషయం. మన దేశపు విల్లో కూడా ఒకటుంది. శాస్త్రీయ నామం సాలిక్స్ టెట్రాస్పెర్మా. వాగుల ఒడ్డున పెరుగుతుంది. ఆ పేరు పెట్టింది ఎవరో తెలుసా? విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లాండ్ డాక్టర్. 1780లలో మన సామర్లకోటలో ఉండి, అక్కడ తోట పెంచి, ఈ తీరం మొక్కలకి బొమ్మలు వేయించి పుస్తకాలు తెచ్చినాయన. కాబట్టి ఈసారి సామర్లకోట స్టేషన్ మీదుగా వెళ్తుంటే, విల్లో కథలో మన ఊరికి కూడా ఒక పేజీ ఉందని గుర్తు చేసుకోండి.

ఇప్పుడు బబులోను దగ్గరికి మళ్లీ వెళ్దాం. అక్కడ తమాషా ఉంది. కొమ్మలు జుట్టు విరబోసుకున్నట్టు కిందకి వేలాడే విల్లో ఒకటి ఉంటుంది, పార్కుల్లో, పెయింటింగుల్లో చూసే ఉంటారు. ఇంగ్లిష్‌లో "ఏడ్చే విల్లో" అంటారు. మొక్కలకి శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ 1753లో ఈ చెట్టుకి సాలిక్స్ బాబిలోనికా అని పేరు పెట్టాడు. కీర్తనలో చెప్పిన బాబిలోన్ చెట్టు ఇదే అనుకున్నాడు. కానీ ఈ చెట్టు పుట్టిల్లు చైనా. మరి యూఫ్రటీస్ ఒడ్డున ఉన్న ఆ చెట్టు ఏది? అక్కడ పెరిగే ఒక రకం పాప్లర్ అయ్యుంటుందని ఇప్పుడు చాలామంది పండితులు అంటున్నారు.

ఆగండి, ఏం పేరు విన్నారు? పాప్లర్! లిన్నేయస్ లాంటి మహానుభావుడే పాప్లర్ ఉండాల్సిన చోట విల్లో పేరు రాశాడు. 270 ఏళ్ల తర్వాత మా తమ్ముడు అదే తప్పు చేసి 900 పోగొట్టుకున్నాడు. ఈ మాట చెప్పాక వాడికి కాస్త ధైర్యం వచ్చింది. నిజానికి రెండు చెట్లూ ఒకే కుటుంబానివి. దాయాదులు. కానీ ఒకరి పేరు మీద ఇంకొకరు పరీక్ష రాస్తే ఒప్పుకుంటామా?

సరే, బ్యాట్ సంగతి పూర్తిగా తేల్చేద్దాం, ఎందుకంటే మీలో చాలామంది కొనేవాళ్లే. మంచి బ్యాట్ విల్లోతోనే ఎందుకు చేస్తారు? ఆ కలప తేలిక, అయినా గట్టి. బాల్ గుద్దుకుంటే దెబ్బని లోపలికి తీసుకుంటుంది, పెళుసుగా చీలిపోదు. క్రికెట్ రూల్స్‌లో బ్యాట్ బ్లేడు కలపతోనే చేయాలని ఉంటుంది. 1979లో పెర్త్ టెస్టులో డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాట్ పట్టుకుని దిగితే పెద్ద గొడవ అయింది. 2021లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు వెదురు బ్యాట్ చేసి బాగుంది అన్నారు. కానీ వెదురు గడ్డి జాతి కాబట్టి రూల్ ప్రకారం కుదరదని ఎంసీసీ చెప్పేసింది.

విల్లో బ్యాట్లలో ప్రధానంగా రెండు రకాలు. ఒకటి ఇంగ్లిష్ విల్లో. ఇంగ్లండ్‌లో ఎసెక్స్, సఫోక్ లాంటి చోట్ల బ్యాట్ల కోసమే పెంచే చెట్లు. నాటిన దగ్గర్నుంచి కొట్టడానికి 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. కలప లేత రంగులో ఉండి, నిలువు గీతలు తిన్నగా, స్పష్టంగా కనిపిస్తాయి. రేటు వేలల్లోనే ఉంటుంది. రెండోది కశ్మీర్ విల్లో. శ్రీనగర్ నుంచి జమ్మూ వచ్చే హైవే మీద అనంతనాగ్, పుల్వామా జిల్లాల్లో రోడ్డుకి రెండు పక్కలా బ్యాట్ చెక్కలు గూళ్లలాగా పేర్చి ఆరబెడతారు. ఈ కలప కొంచెం గోధుమ రంగు, కొంచెం బరువు, ధర తక్కువ. మన గల్లీల్లో, కాలేజీ గ్రౌండ్లలో ఆడే విల్లో బ్యాట్లలో ఎక్కువ ఇవే.

కశ్మీర్ విల్లో అంటే చిన్నచూపు చూడొద్దు. 2021 టీ20 వరల్డ్ కప్‌లో ఒమన్ ఆటగాళ్లు కశ్మీర్‌లో చేసిన బ్యాట్లతో ఆడారు. అక్కడివాళ్లకి ఆ చెట్టు బ్యాట్ ఒక్కటే కాదు. చలికాలంలో పొడవాటి చొక్కా లోపల పట్టుకునే నిప్పుల కుండ ఉంటుంది, కాంగ్రీ అంటారు. ఆ మట్టికుండ చుట్టూ అల్లే బుట్ట విల్లో కొమ్మలదే.

కానీ వాళ్లకి ఇప్పుడో కష్టం వచ్చింది. విల్లో చెట్టు తయారవడానికి ఏళ్లు పడుతుంది. పాప్లర్ అయితే త్వరగా పెరుగుతుంది, ప్లైవుడ్‌కి, పండ్ల పెట్టెలకి వెంటనే అమ్ముడుపోతుంది. అందుకని రైతులు విల్లో తీసేసి పాప్లర్ వేస్తున్నారు. బ్యాట్లు చేసేవాళ్లు చెక్క దొరకడం లేదని మొత్తుకుంటున్నారు. అంటే నేల మీదా విల్లో చోటు పాప్లర్ తీసుకుంటోంది, స్టిక్కర్ మీదా అదే. అందుకే స్టిక్కర్ మీద అబద్ధం చిన్న విషయం కాదు. అసలు విల్లో నాటిన రైతుకి, చెక్కిన పనివాడికి రావాల్సిన డబ్బు అక్కడే తగ్గిపోతోంది.

కొనేటప్పుడు ఏం చేయాలంటే, ముందు మీరు ఆడేది ఏ బాల్‌తోనో తేల్చుకోండి. టెన్నిస్ బాల్ అయితే పాప్లర్ బ్యాట్ కూడా నడుస్తుంది, తప్పేం లేదు. పాప్లర్ అని తెలిసి, పాప్లర్ ధరకే కొనండి. లెదర్ బాల్ అయితే కశ్మీర్ విల్లో నుంచి మొదలుపెట్టండి. బ్లేడు ముందుభాగం మొత్తం షీటుతో కప్పేసి ఉంటే పక్క అంచులు, కింది భాగం చూపించమనండి, కలప కనిపించాలి. "పాపులర్ విల్లో", "ఇంగ్లిష్ ఫినిష్" లాంటి మాటలు కనిపిస్తే, ఇది ఏ చెట్టు అని ఒక్క ప్రశ్న అడగండి. మావాడు అడగనిది అదొక్కటే.

ఇప్పుడు రెండో సంగతికి వద్దాం. ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి.

మావాడి బ్యాట్ విరిగిన మూడు రోజులకి మా పిన్నికి జ్వరం వచ్చింది. ఒళ్లు నొప్పులు, కళ్ల వెనకాల పోటు. మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. "మాత్రలు వద్దు, విల్లో బెరడు వాడండి, ప్రకృతి ఇచ్చిన నొప్పి నివారిణి, సైడ్ ఎఫెక్ట్స్ సున్నా" అని. ఎవరో ఆన్‌లైన్‌లో ఆ బెరడు క్యాప్సూల్స్ కూడా ఆర్డర్ పెట్టేశారు, డబ్బా ఇంటికి వచ్చేసింది. పిన్ని నన్ను పిలిచి, "ఏరా, విల్లో అంటే మీ బ్యాట్ చెక్కే కదా, మింగొచ్చా?" అని అడిగింది. అప్పటికి మూడు రోజులుగా నేను ఈ పదం గురించే చదువుతున్నాను. అందుకే ఆగమన్నాను.

ఎందుకు ఆగమన్నానో చెప్తాను. విల్లో బెరడు మందుగా వాడడం కొత్తేం కాదు. వేల ఏళ్ల కిందటి ఈజిప్టు వైద్య గ్రంథాల్లోనే విల్లో ప్రస్తావన ఉంది. 1763లో ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ స్టోన్ అనే మతగురువు, విల్లో బెరడు ఎండబెట్టి పొడి చేసి, చలిజ్వరం వచ్చిన 50 మంది దాకా ఇచ్చి చూశానని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. 1828లో ఆ బెరడులో పనిచేసే పదార్థాన్ని విడదీశారు. దాని పేరు సాలిసిన్. సాలిక్స్ నుంచి సాలిసిన్, దాని వెనకే సాలిసిలిక్ యాసిడ్. మొటిమలకి మీరు వాడే ఫేస్‌వాష్ ట్యూబ్ తిప్పి చూడండి, "సాలిసిలిక్ యాసిడ్ 2 శాతం" అని ఉంటుంది. ఆ పేరులో ఉన్నది విల్లో చెట్టే.

ఆ యాసిడ్‌ని మింగితే కడుపు మండేది. 1897లో జర్మనీలో బేయర్ కంపెనీ కెమిస్ట్ ఫెలిక్స్ హాఫ్‌మన్ దానికి చిన్న మార్పు చేసిన రూపాన్ని స్వచ్ఛంగా తయారు చేశాడు. 1899లో దాన్నే ఆస్పిరిన్ అనే పేరుతో మార్కెట్లోకి తెచ్చారు. ఆస్పిరిన్ ఏం చేస్తుంది? నొప్పి, జ్వరం తగ్గిస్తుంది. దాంతో పాటు మన రక్తంలో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా ఆపుతుంది. అందుకే గుండెజబ్బు ఉన్న కొందరికి డాక్టర్లు రాస్తారు.

ఇప్పుడు ఆలోచించండి. వానాకాలం. జ్వరం. కళ్ల వెనక పోటు. డెంగీ కావచ్చు. డెంగీలో ప్లేట్‌లెట్లు ఎలాగూ పడిపోతాయి, రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంటుంది. అందుకే డెంగీ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకోవద్దని, జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే, అదీ చెప్పిన మోతాదులోనే వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. విల్లో బెరడు ప్లేట్‌లెట్ల మీద ఆస్పిరిన్ అంత గట్టిగా పని చేయదు, అది ఒప్పుకోవాలి. కానీ అది అదే కుటుంబం. క్యాప్సూల్లో ఎంత ఉందో మనకి తెలియదు. ఆస్పిరిన్ పడనివాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, వైరల్ జ్వరం ఉన్న పిల్లలు, డెంగీ అనుమానం ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా దాని జోలికి వెళ్లకూడదు.

పిన్నిని హాస్పిటల్‌కి తీసుకెళ్లాం. టెస్ట్ చేశారు. డెంగీయే. నాలుగు రోజులు సెలైన్ ఎక్కింది, ప్లేట్‌లెట్లు పడ్డాయి, మళ్లీ లేచాయి. ఇప్పుడు బాగుంది. ఆ క్యాప్సూల్ వేసుకుని ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను, ఏమీ కాకపోయి ఉండొచ్చు కూడా. కానీ ఆ డబ్బా మీద "విల్లో" అనే అందమైన పదం బదులు "ఆస్పిరిన్ లాంటిది" అని రాసుంటే మా ఇంట్లో ఎవ్వరూ ఆర్డర్ పెట్టేవాళ్లు కాదు. ఇది మాత్రం గట్టిగా చెప్పగలను.

ఇంకొక మాట. మీ ఇంట్లో పెద్దవాళ్లకి గుండె కోసం డాక్టర్ ఆస్పిరిన్ రాసి ఉంటే, ఈ వీడియో చూసి ఆపేయకండి. జ్వరం వస్తే ఆ డాక్టర్‌నే అడగండి. సరేనా.

ఇప్పుడు కొంచెం తేలికపడి, మిగతా విల్లోలు చకచకా చూసేద్దాం.

చైనాలో విల్లో అంటే వీడ్కోలు. చైనా భాషలో విల్లో చెట్టుని ల్యూ అంటారు. "ఉండిపో" అనే మాట కూడా దాదాపు అలాగే పలుకుతుంది. అందుకని ఊరు వదిలి వెళ్లేవాళ్ల చేతిలో పూర్వం ఒక విల్లో కొమ్మ విరిచి పెట్టేవాళ్లు. వెళ్లొద్దు అని నోటితో చెప్పలేక కొమ్మతో చెప్పడం అన్నమాట. శబ్దం కలవడం మావాడిని మోసం చేసింది, అక్కడ అదే శబ్దం ఒక ఆచారమైంది.

ఇంగ్లండ్‌లో విల్లో అంటే విఫలమైన ప్రేమ. ప్రేమ పోగొట్టుకున్నవాళ్లని "విల్లో ధరించారు" అనేవాళ్లు. షేక్స్‌పియర్ ఒథెల్లోలో డెస్డిమోనా చనిపోయే ముందు పాడే పాట విల్లో పాటే. హామ్లెట్‌లో ఒఫీలియా వాగులో పడేది కూడా విల్లో చెట్టు దగ్గరే. పాత ఇంగ్లిష్ నవల చదువుతూ ఎవరైనా విల్లో ధరించారని కనిపిస్తే, అది చీర కాదు, ఏడుపు అని అర్థం చేసుకోండి. అదే "విల్లోయీ" అంటే మాత్రం మెచ్చుకోలు. సన్నగా, పొడుగ్గా, తీగలాగా ఉన్న మనిషి.

అలాగే విల్లో ప్యాటర్న్. తెల్ల ప్లేట్ మీద నీలం రంగులో వంతెన, విల్లో చెట్టు, పైన రెండు పక్షులు. పారిపోయిన ప్రేమికులు పక్షులైపోయారని దానికో కథ చెప్తారు. అందరూ అది చైనా జానపద కథ అనుకుంటారు. నిజానికి ఆ డిజైన్ 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో పుట్టింది, కథ కూడా ప్లేట్లు అమ్ముకోవడానికి తర్వాత అక్కడే అల్లింది. ఇక్కడా పేరు ఒకటి, సరుకు ఇంకొకటి!

పత్తి మిల్లుల్లో కూడా ఒక విల్లో ఉంది. ముళ్ల డ్రమ్ముతో పత్తిని, ఉన్నిని విదిలించి దుమ్ము రాల్చే మెషీన్. రాలే దుమ్ముని విల్లో డస్ట్ అంటారు. స్పిన్నింగ్ మిల్లులో పనిచేసేవాళ్లకి విల్లో అంటే చెట్టూ కాదు, బ్యాటూ కాదు, అదే.

అమెరికాలో ఉన్న మనవాళ్లని అడిగితే విల్లో అంటే టీవీ. "మ్యాచ్ విల్లోలో వస్తోంది" అంటారు. అక్కడ క్రికెట్ చూపించే ఛానల్ అది. బ్యాట్ కలప పేరే ఛానల్ పేరైంది.

మనుషుల పేర్లలో విల్ స్మిత్ కూతురు, సింగర్ విల్లో స్మిత్ ఉంది. 1988లో వచ్చిన ఫాంటసీ సినిమా విల్లోలో హీరో పేరే విల్లో. టేలర్ స్విఫ్ట్ 2020 ఆల్బమ్‌లో మొదటి పాట పేరు విల్లో. ఎలిజబెత్ రాణి పెంచిన కోర్గీ కుక్క విల్లో, బైడెన్ వాళ్ల ఇంటి పిల్లి కూడా విల్లో.

2023లో "స్టాప్ విల్లో" అని టిక్‌టాక్ అంతా హోరెత్తింది. చెట్లు కొట్టొద్దని కాబోలు అనుకున్నవాళ్లున్నారు. అది అలాస్కాలో చమురు తవ్వే ప్రాజెక్టు పేరు. చెట్టు పేరు పెట్టుకున్న చమురు ప్రాజెక్టు అన్నమాట. ఆ మార్చిలో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది.

ఇక ఫోన్ ప్రియులకి రెండు. గొరిల్లా గ్లాస్ చేసే కార్నింగ్ కంపెనీ 2012లో విల్లో గ్లాస్ అని ఒకటి చూపించింది. మందం 0.1 మిల్లీమీటరు, దాదాపు కాగితమంత. వంచితే వంగుతుంది. చూశారా, ఈ ఒక్క పేరు మాత్రం చెట్టు గుణాన్ని చూసి పెట్టినట్టే ఉంది. ఇంకోటి గూగుల్ క్వాంటమ్ చిప్. 2024 డిసెంబర్‌లో వచ్చింది, 105 క్యూబిట్లు. వాళ్ల అంతకుముందు చిప్పుల పేర్లు బ్రిసిల్‌కోన్, సికమోర్. అవీ చెట్లే. మామూలు సూపర్ కంప్యూటర్‌కి 1 పక్కన 25 సున్నాలు పెట్టినన్ని ఏళ్లు పట్టే లెక్కని ఇది 5 నిమిషాల్లోపే చేసిందని గూగుల్ ప్రకటించింది. నమ్మొచ్చా? ఆ లెక్క చిప్ సత్తా చూడడానికి పెట్టిన పరీక్ష మాత్రమే. దాంతో రేపటి నుంచి మీ ఫోన్ స్పీడ్ ఏం పెరగదు. అసలు గొప్పతనం ఏంటంటే, క్యూబిట్లు పెంచే కొద్దీ తప్పులు పెరగకుండా తగ్గేలా చేయగలిగారు. వార్త హెడ్డింగ్‌లో మాత్రం ఆ సున్నాలే కనిపించాయి.

ఇప్పుడు మొత్తం ఒకసారి వెనక్కి చూడండి. పదం ఒక్కటే. పక్కన "బ్యాట్" ఉంటే కలప. "బెరడు" ఉంటే మందు. "టీవీ" ఉంటే ఛానల్. "చిప్" ఉంటే గూగుల్. "స్టాప్" ఉంటే అలాస్కా. పదానికి అర్థం అది ఒక్కటే చెప్పదు, పక్కనున్న పదం కూడా చెప్పాలి. మనం ఫోన్‌లో వేలితో తోసుకుంటూ పోతుంటే ముందు జారిపోయేది ఆ పక్క పదమే. సినిమా పేరులో పొరపాటు పడితే నవ్వుకుంటాం. బ్యాట్ దగ్గర పడితే 900 పోతాయి. మందు దగ్గర పడితే, మా పిన్ని లాంటి వాళ్లు ఉంటారు ఆ చివర. కాబట్టి నోట్లో వేసుకునేది, డబ్బు పెట్టేది అయితే ఒక్క క్షణం ఆగి, "ఇది ఏ విల్లో?" అని అడగండి. విల్లో ఒక్కటే కాదు, ఏ పదమైనా సరే.

మా తమ్ముడు దసరాకి మళ్లీ బ్యాట్ కొన్నాడు. ఈసారి నేనూ వెళ్లాను. షాపాయన ఒకటి తీసి "ఇది పాపులర్ బాబూ" అన్నాడు. మావాడు బ్యాట్ తిప్పి, అంచు చూసి, "ఏ చెట్టండీ?" అన్నాడు. ఆయన ఒక్క నవ్వు నవ్వి, అది లోపల పెట్టేసి ఇంకో కట్ట విప్పాడు.

ఈ రోజుకి ఇంతే ఫ్రెండ్స్. మీ ఫ్యామిలీ గ్రూప్‌లో ఆ బెరడు ఫార్వర్డ్ కనిపిస్తే, దాని కిందే ఈ ఎపిసోడ్ పెట్టండి. మళ్లీ ఇంకో పదంతో కలుద్దాం.